ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ మార్పు పంపడం: ఏ పరిస్థితిలో ఏ దారి ఎంచుకోవాలి

మీరు వాడుతున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం కనిపించింది, దాన్ని సరిచేసే కోడ్ కూడా మీ కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది అనుకుందాం. ఆ మార్పు అసలు ప్రాజెక్టులోకి చేరే వరకు మీరు తీసుకోవలసిన నిర్ణయాలు ఇంకా చాలానే మిగిలి ఉంటాయి. ముందు ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో సమస్యను వివరించే చర్చ) తెరిచి మాట్లాడాలా, నేరుగా కోడ్ పంపాలా? పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమని వెబ్‌సైటులో పెట్టే అభ్యర్థన) పంపాలా, ఈమెయిల్‌లో ప్యాచ్ (మారిన వరుసలను చూపే పాఠ్యం) పంపాలా? మొత్తం ఒకే కమిట్‌గా (సందేశంతో సహా చరిత్రలో నమోదయ్యే ఒక మార్పు) ఇవ్వాలా, ముక్కలుగా విడదీయాలా? కాపీరైట్ ఒప్పందం మీద సంతకం అడిగితే చేయాలా? జవాబు రాకపోతే ఎదురుచూడాలా, సొంత ఫోర్క్ (ప్రాజెక్టుకు మీ వేరు కాపీ) నడుపుకోవాలా?

ఈ ప్రశ్నలన్నిటికీ నేను ఒకే కొలమానం వాడతాను: ఆ మార్పును చదివి, అర్థం చేసుకొని, మీరు వెళ్లిపోయిన తరువాత కూడా దాని బాధ్యత మోయవలసిన మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునే వ్యక్తి) సమయం. దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ కోడ్ రాసి పంపేవారికంటే దాన్ని శ్రద్ధగా చదివేవారు చాలా తక్కువ. రెండు దారులు ఎదురైనప్పుడు, చదివేవారి పని ఏ దారిలో తగ్గుతుందో అదే సాధారణంగా సరైన ఎంపిక అవుతుంది.

ముందుగా, ఏ ప్రాజెక్టుకు?

కొత్తవారు చాలామంది పేరున్న ప్రాజెక్టును ఎంచుకొని, అందులో కొత్తవారి కోసం గుర్తుపెట్టిన సులువైన ఇష్యూల జాబితా దగ్గర మొదలుపెడతారు. ఇది తప్పేమీ కాదు కానీ, పేరున్న ప్రాజెక్టుల్లో అలాంటి ఒక్కో ఇష్యూ మీద ఒకేసారి అనేకమంది పడతారు, చివరికి ఒకరి పని మాత్రమే నిలుస్తుంది. దానికంటే మీరు నిజంగా వాడుతూ, మీకే ఇబ్బంది కలిగించిన లోపాన్ని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. దాన్ని మళ్లీ ఎలా రప్పించాలో మీకు తెలుసు, సరిచేసిన తరువాత రోజూ వాడి చూసేదీ మీరే, సమీక్షలో ప్రశ్నలు వచ్చినప్పుడు అనుభవంతో జవాబు చెప్పగలిగేదీ మీరే.

ప్రాజెక్టు బయటివారిని ఎలా చూస్తుందో తెలుసుకోవడానికి దాన్ని ఇష్టపడ్డవారు పెట్టిన నక్షత్రాల సంఖ్య పనికిరాదు. ఈమధ్య కాలంలో మూసివేసిన మార్పుల జాబితా తెరిచి, అందులో ప్రాజెక్టు సభ్యులు కానివారివి ఎన్ని చేరాయో, తిరస్కరించిన వాటికి కారణం రాశారో లేదో, సమీక్షకుల మాటతీరు ఎలా ఉందో అరగంటసేపు చదవండి. బయటివారి కోడ్ తీసుకోవడమే అరుదైన ప్రాజెక్టులు కూడా ఉన్నాయి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సోర్సు ఎవరైనా వాడుకోగలిగే పబ్లిక్ డొమైన్‌లో ఉన్నా, తమది ఓపెన్ సోర్సే గానీ బయటివారి కోడ్‌కు తెరిచిన ప్రాజెక్టు కాదని వారే స్పష్టంగా రాసిపెట్టారు. తన కోడ్‌ను పబ్లిక్ డొమైన్‌కు అంకితం చేస్తున్నట్టు ప్రమాణపత్రం ఇవ్వనివారి ప్యాచ్‌లను వారు తీసుకోరు. అలాంటి చోట లోపాన్ని రప్పించే అతిచిన్న ఉదాహరణతో కూడిన బగ్ రిపోర్టే మీరు ఇవ్వగల అత్యంత విలువైన సహాయం.

సంఖ్య కోసం మార్పులు పంపడం ఎంత హాని చేస్తుందో 2020 అక్టోబరులో అందరూ చూశారు. ఏటా జరిగే హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో బహుమతి కోసం అర్థంలేని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తడంతో, తానుగా సమ్మతించిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు అదే నెలలో నియమం మార్చవలసి వచ్చింది.

ముందు మాటా, ముందు కోడా?

అక్షరదోషం, పాతబడిన డాక్యుమెంటేషన్, టెస్టుతో నిరూపించగలిగే క్రాష్ వంటివాటికి నేరుగా కోడ్ పంపడమే మంచిది. వీటి గురించి ముందు ఇష్యూ తెరిస్తే మెయింటెయినర్ ఒకే సంగతిని రెండుసార్లు చదవవలసి వస్తుంది. కొత్త సౌకర్యం, కొత్త లైబ్రరీ మీద ఆధారపడటం, బయటివారు వాడే ఇంటర్‌ఫేస్‌లో మార్పు వంటివాటికి మాత్రం ముందు మాట్లాడాలి. మీకు పది రోజుల పనిగా కనిపించేది ప్రాజెక్టుకు ఏళ్ల తరబడి మోయవలసిన బాధ్యత. దాన్ని తీసుకోవాలా వద్దా అన్న చర్చ కోడ్ రాయకముందే జరిగితే ఇద్దరికీ శ్రమ మిగులుతుంది.

పెద్ద ప్రాజెక్టులు ఈ ముందుమాటకు ఒక లాంఛనమైన పద్ధతి ఏర్పరచుకున్నాయి. ప్రతిపాదనను వివరించే పత్రాలుగా పైథాన్‌లో 2000 నుంచి పెప్‌లు, రస్ట్‌లో ఆర్ఎఫ్‌సీలు, కుబర్నెటిస్‌లో కెప్‌లు ఉన్నాయి. గో భాషలో ప్రతిపాదనలకు ప్రత్యేకమైన సమీక్ష ఉంది. ఈ పద్ధతి ఉన్నచోట దాన్ని దాటవేసి పంపిన పెద్ద మార్పు ఎంత బాగున్నా ముందుకు కదలదు.

వీటి మధ్య మూడో దారి ఒకటుంది. ఆలోచన మాటల్లో చెబితే అర్థం కాదనిపించినప్పుడు, నడిచే నమూనాను డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్‌గా పెట్టి, "ఈ దిశ సరైనదేనా అన్నంతవరకే అభిప్రాయం కావాలి, వరుసవారీ సమీక్ష ఇప్పుడే అవసరం లేదు" అని మొదటి వాక్యంలోనే రాయడం. నమూనా చిన్నదిగా, పారేసినా బాధ కలగనిదిగా ఉన్నప్పుడే ఈ దారి పనిచేస్తుంది. నెలల తరబడి పెంచిన కోడ్‌ను నమూనా అని పిలిస్తే, వద్దని చెప్పడం ఎదుటివారికి కష్టమవుతుంది, వినడం మీకు ఇంకా కష్టమవుతుంది.

ఒక హెచ్చరిక. మీకు లోపంగా కనిపించే ప్రవర్తన మీద ఇంకెవరో ఆధారపడి ఉండవచ్చు. లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), యూజర్ ప్రోగ్రాములు ఆధారపడిన ప్రవర్తనను విరగ్గొట్టకూడదన్నది తిరుగులేని నియమం. లోపమా, ఉద్దేశపూర్వకమా అన్న అనుమానం రవ్వంత ఉన్నా ముందు అడగడమే క్షేమం.

భద్రతా లోపాలకు పైన చెప్పినవేవీ వర్తించవు. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను బహిరంగంగా పెడితే, విడుదల రాకముందే దాడిచేసేవారికి లోపం ఎక్కడుందో చూపించినట్టవుతుంది. రిపోజిటరీలో (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోట) సెక్యూరిటీ అన్న పేరుతో ఉండే ఫైలు చూసి, అందులో చెప్పిన రహస్య మార్గంలోనే తెలియజేయాలి.

పుల్ రిక్వెస్ట్, ఈమెయిల్ ప్యాచ్, గెరిట్

దారిని ప్రాజెక్టు ఎప్పుడో నిర్ణయించి ఉంటుంది కాబట్టి ఇక్కడ మీ ఇష్టానికి చోటు తక్కువ. అయినా ఏ ప్రాజెక్టులో సమయం పెట్టాలో నిర్ణయించుకునేటప్పుడు ఈ తేడాలు తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే పనిముట్టును బట్టి సమీక్ష స్వభావం కూడా మారిపోతుంది.

2008లో మొదలైన, కోడ్‌ను ఉంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ వల్ల పుల్ రిక్వెస్ట్ అందరికీ పరిచయమైన పద్ధతి అయింది. గిట్‌ల్యాబ్‌లో దీన్నే మెర్జ్ రిక్వెస్ట్ అంటారు. రిపోజిటరీని ఫోర్క్ చేసి, ఒక బ్రాంచ్‌లో (కోడ్‌కు విడిగా నడిచే శాఖ) మార్పులు పెట్టి, దాన్ని చేర్చుకోమని అడగడం ఇందులోని పద్ధతి. ప్రవేశించడం సులువు, టెస్టులు సాధారణంగా వాటంతట అవే నడుస్తాయి, చర్చా కోడూ ఒకే చోట కనిపిస్తాయి. దీని బలహీనత ఏమిటంటే, సమీక్షకుడి కళ్ల ముందు మొదట నిలిచేది మొత్తం తేడా మాత్రమే. కమిట్ సందేశాలు వెనక్కి పోతాయి, బ్రాంచ్‌ను తిరగరాసి బలవంతంగా పుష్ చేస్తే (సర్వర్‌కు పంపితే) పాత వ్యాఖ్యలకూ కొత్త కోడ్‌కూ లంకె తెగిపోతుంది. కొన్ని చిన్న విషయాలు ముందే తెలిసి ఉంటే మేలు. మీ ఫోర్క్‌లోని మెయిన్ బ్రాంచ్ నుంచే పుల్ రిక్వెస్ట్ పంపకండి, ప్రతి మార్పుకూ విడి బ్రాంచ్ తీయండి. మెయింటెయినర్లు కూడా సవరించేలా అనుమతించే పెట్టెలో టిక్ ఉంచండి. చివరి చిన్న సవరణ వారే చేసి చేర్చుకోగలుగుతారు. మొదటిసారి పంపేవారి టెస్టులు మెయింటెయినర్ అనుమతి ఇచ్చాకే నడిచేలా గిట్‌హబ్‌లో ఏర్పాటు ఉంటుంది కాబట్టి, టెస్టులు మొదలవలేదని కంగారుపడి మళ్లీ మళ్లీ పుష్ చేయనవసరం లేదు.

సొంత గిట్‌ల్యాబ్ సర్వర్లు నడిపే ప్రాజెక్టులూ చాలా ఉన్నాయి. గ్నోమ్ 2018లో, కేడీఈ 2020లో, ఈమెయిల్ ప్యాచ్‌లతో నడిచిన వైన్ 2022లో ఆ వైపు వచ్చాయి. అక్కడ విడిగా ఖాతా తెరవాలి. స్పామ్ బెడద వల్ల కొన్ని సర్వర్లలో కొత్త ఖాతాకు ఫోర్క్ చేసే అనుమతిని కూడా అడిగి తీసుకోవాలి.

ఈమెయిల్ పద్ధతి పాతదే అయినా సజీవంగా ఉంది. లినక్స్ కెర్నెల్, కోడ్ చరిత్రను నడిపే గిట్, కంప్యూటర్‌ను అనుకరించే క్యూఈఎంయూ, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఈ దారిలోనే నడుస్తున్నాయి. గిట్‌హబ్‌లో కనిపించే కెర్నెల్ రిపోజిటరీ ప్రతిబింబం మాత్రమే, అక్కడ తెరిచిన పుల్ రిక్వెస్ట్‌ను మెయింటెయినర్లు పట్టించుకోరు. గిట్ ఫార్మాట్-ప్యాచ్ ఆదేశం ఒక్కో కమిట్‌ను ఒక్కో ఉత్తరంగా మారుస్తుంది, గిట్ సెండ్-ఈమెయిల్ వాటిని పంపుతుంది. సమీక్షకుడు మీ కోడ్ వరుసల మధ్యలోనే తన జవాబు రాస్తాడు. కమిట్ సందేశం కూడా అదే ఉత్తరంలో పైభాగాన ఉంటుంది కాబట్టి దాని మీదా అంతే గట్టిగా ప్రశ్నలు వస్తాయి. రాసిన కారణం సరిగా లేదని, కోడ్ బాగున్నా ప్యాచ్ వెనక్కి రావడం ఈ లోకంలో మామూలే. ఈ క్రమశిక్షణ నేర్చుకోవడానికి ఈమెయిల్ ప్రాజెక్టును మించిన బడి లేదని నేను నమ్ముతాను.

ఆ ఉత్తరాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. సబ్జెక్టు వరుసలో ముందు చతురస్ర బ్రాకెట్లలో "ప్యాచ్ వీ2 2/3" అని ఉంటుంది. ఇది రెండో సవరణ అని, మూడు ప్యాచ్‌ల వరుసలో రెండోదని దాని భావం. తరువాత సబ్‌సిస్టమ్ (ప్రాజెక్టులోని ఆ భాగం) పేరు, కోలన్, ఒక్క వాక్యంలో మార్పు. లోపల కారణం వివరించే పేరాలు, వాటి కింద సైన్డ్-ఆఫ్-బై వరుస (దీని అర్థం కింద సంతకం భాగంలో ఉంది), ఆ కింద మూడు అడ్డగీతలు మాత్రమే ఉన్న ఒక వరుస. ఈ మూడు గీతల కింద రాసినది గిట్ చరిత్రలోకి వెళ్లదు. మొదటి సవరణకూ దీనికీ ఏమి మారిందో, ఎవరి సూచన మేరకు మారిందో అక్కడ రాయాలి. కొత్తవారు ఈ వివరాన్ని తెలియక పైన కమిట్ సందేశంలో కలిపేస్తారు, అప్పుడు పదేళ్ల తరువాత చరిత్ర చదివేవారికి అక్కరలేని సమీక్ష ముచ్చట్లు శాశ్వతంగా అందులో ఉండిపోతాయి.

ఇబ్బందులు లేకపోలేదు. మామూలు మెయిల్ ప్రోగ్రాములు ట్యాబ్‌లను ఖాళీలుగా మారుస్తాయి, పొడవైన వరుసలను విరగ్గొడతాయి, హెచ్‌టీఎంఎల్ చేరుస్తాయి. అలా చెడిన ప్యాచ్ అప్లై కాదు. అందుకే మొదట మీకు మీరే పంపుకొని, వచ్చిన ఉత్తరాన్ని గిట్ ఏఎం ఆదేశంతో శుభ్రమైన బ్రాంచ్ మీద అప్లై చేసి చూడండి. కెర్నెల్ విషయంలో ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది, పైపై శైలీ దోషాలను చెక్‌ప్యాచ్ స్క్రిప్టు పట్టిస్తుంది. మెయిల్ సర్వర్ అమర్చుకోలేనివారికి బీ4 అన్న పనిముట్టు వెబ్ ద్వారా పంపే వీలు కల్పిస్తుంది. గిట్ ప్రాజెక్టుకైతే గిట్‌గిట్‌గ్యాడ్జెట్ మీ పుల్ రిక్వెస్ట్‌ను ఉత్తరాల వరుసగా మార్చి పంపుతుంది.

ఈమెయిల్ ప్రాజెక్టులన్నీ ఒకేలా ఉండవని కూడా గుర్తుంచుకోవాలి. కెర్నెల్‌లో ప్యాచ్ ఉత్తరం లోపలే ఉండాలి, అటాచ్‌మెంట్‌గా పంపితే చదవరు. పోస్ట్‌గ్రెస్‌లో అటాచ్‌మెంట్‌గా పంపడమే ఆనవాయితీ. పంపిన తరువాత దాన్ని కమిట్‌ఫెస్ట్ జాబితాలో నమోదు చేయాలి, లేకపోతే ఉత్తరాల ప్రవాహంలో మరుగునపడుతుంది. కమిట్‌ఫెస్ట్ అంటే కొత్త పని పక్కనపెట్టి వచ్చిన ప్యాచ్‌లను సమీక్షించే నెల. అక్కడ ప్యాచ్ పంపినవారు దానికి సమానమైన మరొకరి ప్యాచ్‌ను సమీక్షించాలన్న సంప్రదాయం ఉంది. నాకు ఎంతో న్యాయంగా అనిపించే ఏర్పాటు ఇది: సమీక్షకుల సమయం వాడుకున్నవారు తమ సమయంతోనే దాన్ని తీర్చుతారు.

గెరిట్ అనే సమీక్ష పనిముట్టు ఆండ్రాయిడ్ అవసరాల కోసం గూగుల్‌లో పుట్టింది. ఆండ్రాయిడ్, గో, క్యూటీ, లిబ్రేఆఫీస్, ఓపెన్‌స్టాక్ ప్రాజెక్టులు దీన్ని వాడతాయి. ఇందులో సమీక్షకు ప్రమాణం బ్రాంచ్ కాదు, ఒక్క కమిట్. కమిట్ సందేశం చివర, కమిట్ చేసినప్పుడు దానంతట అదే నడిచే హుక్ అన్న చిన్న స్క్రిప్టు చేంజ్-ఐడీ అన్న వరుస చేరుస్తుంది. వ్యాఖ్యలు వచ్చాక కొత్త కమిట్ జోడించకుండా అదే కమిట్‌ను అమెండ్ చేసి (సవరించి) మళ్లీ పుష్ చేయాలి. ఐడీ మారలేదు కాబట్టి గెరిట్ దాన్ని అదే మార్పుకు తరువాతి ప్యాచ్‌సెట్‌గా గుర్తించి, రెండింటి మధ్య తేడా మాత్రమే విడిగా చూపిస్తుంది. పుల్ రిక్వెస్ట్‌కు అలవాటుపడినవారు ఇక్కడ కొత్త కమిట్ చేర్చి, ఒక మార్పుకు బదులు రెండు మార్పులు ఎందుకు వచ్చాయో తెలియక తికమకపడతారు. హుక్ పెట్టుకోకపోతే పుష్ తిరస్కరణకు గురవుతుంది. ఈ రెండూ దాటితే, పదేపదే సవరించవలసిన లోతైన మార్పుకు గెరిట్ అంత సౌకర్యం మిగతా రెండింటిలోనూ లేదు. గో ప్రాజెక్టు గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులను కూడా తీసుకుంటుంది కానీ, ఒక బాట్ వాటిని గెరిట్‌లోకి మారుస్తుంది, సమీక్షకులకు జవాబు గెరిట్‌లోనే ఇవ్వాలి.

మొదటి మార్పే అయితే పుల్ రిక్వెస్ట్ ప్రాజెక్టుతో మొదలుపెట్టడం తేలిక. ఒకే చోట ఏళ్ల తరబడి లోతుగా పనిచేయాలనుకుంటే పనిముట్టు చూసి వెనక్కి తగ్గకండి, అది ఒకటి రెండు వారాల్లో చేతికి వస్తుంది. ఏది ఎంచుకున్నా రిపోజిటరీలో ఈరోజున్న, మార్పులు పంపే పద్ధతి చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలునే నమ్మండి. పైథాన్ భాషను నడిపే అసలు ప్రోగ్రాము సీపైథాన్ 2017లో గిట్‌హబ్‌కు మారింది, కంపైలర్ ప్రాజెక్టు ఎల్ఎల్‌వీఎం 2023లో ఫ్యాబ్రికేటర్ అనే సమీక్ష పనిముట్టు వదిలి పుల్ రిక్వెస్టులకు వచ్చింది. పాత పద్ధతిని వివరించే పాఠాలు మాత్రం ఇంకా అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్నాయి.

ఒకే కమిటా, వరుసగానా?

ఒక ఉదాహరణతో చెబుతాను. కాన్ఫిగరేషన్ ఫైలు చదివే పార్సర్‌లో, సమానం గుర్తు తరువాత విలువ లేకపోతే ప్రోగ్రాము క్రాష్ అవుతోంది. సరిచేయడానికి మూడు వరుసలు చాలు. కానీ ఆ ఫంక్షన్ చదువుతున్నప్పుడు ఒక వేరియబుల్ పేరు గందరగోళంగా ఉందనిపించి మార్చారు, మీ ఎడిటర్ ఫైలు మొత్తాన్ని కొత్తగా ఫార్మాట్ చేసింది. ఇప్పుడు మార్పు మూడువందల వరుసలు. అందులో అసలైన మూడు ఎక్కడున్నాయో సమీక్షకుడు వెతుక్కోవాలి, మిగతావాటిలో పొరపాటున ప్రవర్తన మారలేదని నిర్ధారించుకోవాలి. ఇలాంటి ప్యాచ్‌ను ఎవరూ తిరస్కరించరు, రేపు చూద్దామని పక్కన పెడతారు. అది అక్కడే ఉండిపోతుంది.

ఫార్మాటింగ్ పూర్తిగా తీసేయండి. పేరు మార్పు నిజంగా అవసరమైతే ప్రవర్తన మారదని స్పష్టంగా రాసి మొదటి కమిట్‌గా పెట్టండి. సవరణను, దాన్ని నిరూపించే టెస్టును రెండో కమిట్‌గా పెట్టండి. సందేశం "బగ్ సరిచేశాను" అని ఉంటే ఏమీ చెప్పినట్టు కాదు. ఇలా ఉండాలి: "పార్సర్: విలువ లేని కీ వచ్చినప్పుడు క్రాష్‌ను నివారించు". ఒక ఖాళీ వరుస వదిలి, "సమానం గుర్తు తరువాత ఏమీ లేకపోతే విలువను చదివే ఫంక్షన్ నల్ తిరిగి ఇస్తుంది, పిలిచే చోట దాన్ని పరీక్షించకుండా పొడవు లెక్కిస్తున్నారు. ఖాళీ విలువను ఖాళీ స్ట్రింగ్‌గానే పరిగణించాలని డాక్యుమెంటేషన్ చెబుతోంది కాబట్టి అలాగే మార్చాను." ఏమి జరిగేది, ఎందుకు జరిగేది, అనేక పరిష్కారాల్లో దీన్నే ఎందుకు ఎంచుకున్నారు అన్న మూడూ ఇందులో ఉన్నాయి. ఏ పాత కమిట్ వల్ల లోపం వచ్చిందో తెలిస్తే అదీ రాయాలి; కెర్నెల్‌లో దీనికోసం ఫిక్సెస్ అన్న ప్రత్యేక వరుస ఉంది.

వరుసలో ప్రతి కమిట్ విడిగా కంపైల్ కావాలి, టెస్టులు దాటాలి. ముందుముందు ఎవరో గిట్ బైసెక్ట్‌తో ఒక లోపం ఏ కమిట్‌లో మొదలైందో వెతికేటప్పుడు, మధ్యలో విరిగిన కమిట్ వారి దారికి అడ్డం పడుతుంది.

అయితే ఈ శ్రమ అంతటా ఫలించదు. కొన్ని ప్రాజెక్టులు పుల్ రిక్వెస్ట్ మొత్తాన్ని ఒకే కమిట్‌గా నొక్కి చేర్చుకుంటాయి, సీపైథాన్ అలాంటిదే. మెయిన్ బ్రాంచ్ చరిత్ర తెరిచి చూడండి. దాదాపు ప్రతి కమిట్ శీర్షిక చివర బ్రాకెట్లలో పుల్ రిక్వెస్ట్ సంఖ్య ఉంటే అక్కడ ఇదే పద్ధతి నడుస్తోందని అర్థం. అటువంటి చోట రెండు విషయాలను రెండు కమిట్లుగా కాక రెండు పుల్ రిక్వెస్టులుగా విడదీయాలి. సమీక్ష మధ్యలో చరిత్రను తిరగరాసి బలవంతంగా పుష్ చేయనవసరం కూడా అక్కడ లేదు. చివరికి అంతా ఒకటే అవుతుంది కాబట్టి సవరణలను కొత్త కమిట్లుగా చేర్చమని సీపైథాన్ మార్గదర్శిక కూడా చెబుతుంది. కమిట్లను యథాతథంగా చేర్చుకునే ప్రాజెక్టుల్లో మాత్రం "సమీక్షలో చెప్పిన మార్పులు" అన్న కమిట్లు మిగలకూడదు. ఫిక్సప్ కమిట్లు (పాత కమిట్లకు సవరణలు) చేసుకొని, వాటిని పాతవాటిలో కలిపేసే ఆటోస్క్వాష్‌తో రీబేస్ చేసి (కమిట్లను తిరిగి పేర్చి), ఫోర్స్-విత్-లీజ్ ఎంపికతో పుష్ చేయాలి. మామూలు ఫోర్స్‌కు భిన్నంగా, మీకు తెలియకుండా ఆ బ్రాంచ్‌లోకి ఇంకెవరైనా కమిట్ పెట్టి ఉంటే ఇది ఆగిపోతుంది.

సంతకం: డీసీఓ, సీఎల్ఏ, హక్కుల బదలాయింపు

చాలామంది చదవకుండా దాటేసే భాగం ఇదే. డీసీఓ (కోడ్ మూలాన్ని ధ్రువీకరించే ప్రకటన) పద్ధతి 2004లో లినక్స్ కెర్నెల్ కోసం వచ్చింది. కమిట్ చేసేటప్పుడు మైనస్ ఎస్ అన్న ఎంపిక ఇస్తే సందేశం చివర మీ పేరుతో సైన్డ్-ఆఫ్-బై వరుస చేరుతుంది. ఈ కోడ్‌ను ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుందని అది మీ ప్రకటన. ప్రాజెక్టు లైసెన్సుకు మించిన హక్కు మీరు ఎవరికీ ఇవ్వరు. సీఎల్ఏ అంటే కోడ్ ఇచ్చేవారు విడిగా సంతకం చేసే లైసెన్సు ఒప్పందం. అపాచీ ఫౌండేషన్, గూగుల్, పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దీన్ని అడుగుతాయి. మూడోది కాపీరైట్‌నే బదలాయించడం. ఈమాక్స్ ఎడిటర్ కోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇప్పటికీ దీన్ని కోరుతుంది, సుమారు 15 వరుసల లోపు చిన్న మార్పులకు మినహాయింపు ఉంది. జీసీసీ కంపైలర్ మాత్రం 2021 నుంచి డీసీఓతో కూడా కోడ్ తీసుకుంటోంది.

ఎంచుకునే వీలుంటే డీసీఓ ఉన్న ప్రాజెక్టు సులువు, నా మొగ్గు కూడా అటే. అలాగని సీఎల్ఏ అన్నమాట వినగానే వెనక్కి తగ్గనవసరం లేదు. ఒప్పందంలో రెండో పక్షం ఎవరు, మీ కోడ్‌ను వేరే లైసెన్సు కింద విడుదల చేసే హక్కు వారికి ఇస్తున్నారా అన్న రెండూ చదవండి. లాభాపేక్ష లేని ఫౌండేషన్‌కు ఇవ్వడం వేరు, ఒక్క కంపెనీ చేతిలోని ప్రాజెక్టుకు ఇవ్వడం వేరు. 2023 ఆగస్టులో హాషికార్ప్ సంస్థ తన టెర్రాఫార్మ్ సాఫ్ట్‌వేర్‌ను మొజిల్లా లైసెన్సు నుంచి ఓపెన్ సోర్స్ కాని బిజినెస్ సోర్స్ లైసెన్సుకు మార్చింది. పాత లైసెన్సు మీదే కొనసాగాలనుకున్నవారు ఓపెన్‌టోఫు పేరుతో ఫోర్క్ చేశారు. ఇలాంటిది జరిగినా మీకు సమ్మతమేనా అన్నది సంతకానికి ముందే ఆలోచించవలసిన విషయం.

ఉద్యోగంలో ఉన్నవారు తమ నియామక ఒప్పందం కూడా చూసుకోవాలి. మీరు సొంత సమయంలో రాసిన కోడ్ మీద కూడా యజమానికి హక్కు ఉండే షరతు అందులో ఉండవచ్చు. అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే డీసీఓ వరుస పెట్టడం న్యాయం. కృత్రిమ మేధ రాసిపెట్టిన కోడ్ విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. జెంటూ అనే లినక్స్ పంపిణీ 2024లో అటువంటి కోడ్‌ను నిషేధించింది. అనుమతించే ప్రాజెక్టులూ ఉన్నాయి. విధానం చదవండి, వాడి ఉంటే చెప్పండి, మీరు వరుసవరుసా వివరించలేని కోడ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి.

జవాబు రానప్పుడు

మౌనం తిరస్కరణ కాదు. కెర్నెల్ మార్గదర్శిక కనీసం ఒక వారం ఆగి, ఆ తరువాతే గుర్తుచేయమంటుంది. స్వచ్ఛందంగా నడిచే చిన్న ప్రాజెక్టులకు నేను రెండు మూడు వారాలు ఇస్తాను. గుర్తుచేసేటప్పుడు "చూశారా?" అని అడగడం కంటే కొత్త సమాచారం ఇవ్వడం మేలు: తాజా మెయిన్ బ్రాంచ్ మీదికి రీబేస్ చేశాను, ఫలానా వెర్షన్‌లో కూడా లోపం ఉందని చూశాను అని రాస్తే చదివేవారికి ఒక అడుగు తగ్గుతుంది. విడుదల కాలచక్రం కూడా చూడండి. కెర్నెల్‌లో ఒక విడుదల వెలువడగానే తరువాతి దాని కోసం రెండు వారాల మెర్జ్ విండో (కొత్త పని చేర్చుకునే గడువు) తెరుచుకుంటుంది. ఆ సమయంలో మెయింటెయినర్లు అప్పటికే సిద్ధమైన పని చేర్చడంలో మునిగి ఉంటారు కాబట్టి, అప్పుడు పంపిన కొత్త సౌకర్యం వెనకబడటం సహజం.

ఎంతకీ కదలకపోతే ఆ మార్పును మీరే మోసుకోవడమా, వదిలేయడమా అన్న ప్రశ్న వస్తుంది. పూర్తి ఫోర్క్‌ను కొత్త పేరుతో విడుదల చేయడం చివరి మార్గం. భద్రతా సవరణలు, విడుదలలు, వాడుకరుల ప్రశ్నలు అన్నీ మీ మీద పడతాయి, ఒంటరిగా ఉన్నవారికి నేను దీన్ని సూచించను. అసలు ప్రాజెక్టు విడుదలల మీద ఒకటి రెండు ప్యాచ్‌లు అప్లై చేసుకుంటూ వాడటం మాత్రం చాలా సంస్థలు, లినక్స్ పంపిణీలు నిత్యం చేసే పనే. దీని ఖర్చు ప్రతి కొత్త విడుదలతో పెరుగుతుంది. చుట్టూ ఉన్న కోడ్ మారినకొద్దీ ఘర్షణలు వస్తాయి, మూడేళ్ల తరువాత ఆ ప్యాచ్ ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. డెబియన్ అనే లినక్స్ పంపిణీ దీనికి డెప్-3 అన్న పద్ధతి పెట్టుకుంది. ప్రతి ప్యాచ్ ఫైలు తలభాగంలో దాని వివరణ, ఎక్కడి నుంచి వచ్చింది, అసలు ప్రాజెక్టుకు పంపారా లేదా, పంపితే ఆ చర్చ చిరునామా ఏమిటి, చివరిసారి ఎప్పుడు సరిచూశారు అన్నవి రాస్తారు. మీ సొంత రిపోజిటరీలో కూడా ఈ నాలుగైదు వరుసలు పెట్టుకోండి. తరువాతి విడుదలకు మారే రోజున ముందు ఆ చిరునామా తెరిచి, మార్పు ఈలోపు అసలు ప్రాజెక్టులో చేరిందేమో చూసి, చేరి ఉంటే మీ ప్యాచ్‌ను తీసేయండి; చేరకపోతే కొత్త వెర్షన్ మీదికి రీబేస్ చేసిన కాపీని అదే చర్చలో మళ్లీ పెట్టండి.